పట్టుదల ఎక్కువైన బండి

మా కోటిలంక డిపోలో ‘లేదు’ అన్న మాటను రద్దు చేసిన రోజున నేను స్టోర్సులో ఫ్యాను బెల్టులు సర్దుకుంటున్నాను. నేను అక్కడ గుమాస్తాని. మెకానిక్కులు వచ్చి బస్సుకి కావలసిన సామాను అడిగితే, కారణం రాయించుకుని ఇవ్వడం నా పని. సామాను లేకపోతే లేదని చెప్పి పంపడం కూడా నా పనే. నా సర్వీసంతటిలో నేను ఎక్కువగా వాడిన మాట అదే. అందుచేత సర్క్యులరు చదవగానే నా ఉద్యోగం సగం తగ్గిపోయినట్టనిపించింది.

దాని వెనక కథ ఇది. మా రీజియన్‌కంతటికీ పెద్ద అయిన చక్రధరరావు గారు ఆ వేసవిలో ఏదో కొండమీది హోటల్లో అధికారులకు పెట్టిన శిక్షణకి వెళ్లొచ్చారు. మనిషి ఏ మాట పలికితే అదే జరుగుతుందని అక్కడ ఒక వక్త చెప్పాడట. చక్రధరరావు గారు చెడ్డవారు కారు. విన్నది వెంటనే నమ్ముతారు, నమ్మినది వెంటనే ఎదటివాళ్ల చేత చేయిస్తారు, అంతే. కొండ దిగి రాగానే ఆయన డిపోలన్నిటి నుంచీ కంప్లయింటు పుస్తకాలు తెప్పించుకుని చదివారు. ఏ పేజీ తిప్పినా బ్రేకు లేదు, లైటు లేదు, గేరు పడటం లేదు, వైపరు పోయింది. బళ్లు చెడిపోతున్నాయి కాబట్టి డ్రైవర్లు ఇలా రాస్తున్నారని అంతవరకూ లోకం అనుకునేది. డ్రైవర్లు ఇలా రాస్తున్నారు కాబట్టే బళ్లు చెడిపోతున్నాయని కనిపెట్టిన మొదటి మనిషి చక్రధరరావు గారు.

మా డిపో మేనేజరు గోవర్ధనం గారు పొద్దున్నే సిబ్బందినందరినీ గ్యారేజీ ముందు నిలబెట్టి సర్క్యులరు చదివారు. “సిబ్బంది పలుకు ప్రతికూల వాక్కుల వలన వాహనముల మనోస్థైర్యము దెబ్బతినుచున్నట్లు గమనించడమైనది. కావున లేదు, కాదు, పోయింది, అరిగింది, విరిగింది, కారుతున్నది మొదలగు పదములు గ్యారేజీ ఆవరణమునందు నేటి నుండి నిషేధించడమైనది. సదరు పదముల స్థానే సానుకూల పదములు వాడవలెను. ఉల్లంఘించిన వారిపై సానుకూల చర్య తీసుకొనబడును.”

గోవర్ధనం గారికి రిటైర్మెంటు దగ్గర పడింది. ఆ ఒక్క గట్టు ఎక్కేస్తే చాలని పైనుంచి ఏ కాగితం వచ్చినా కళ్లకద్దుకునే దశలో ఉన్నారు. చదవడం పూర్తయ్యాక సందేహాలుంటే అడగమన్నారు. హెడ్ మెకానిక్ మట్టపర్తి సూర్యచంద్రం చెయ్యెత్తి, రేడియేటరులోంచి నీళ్లు కారుతుంటే ఏమని రాయాలని అడిగాడు. గోవర్ధనం గారు సర్క్యులరుకి జతపరిచిన పట్టిక వెతికి, ‘నీటిని ఉదారంగా పంచుతున్నది’ అని రాయాలని చెప్పారు.

సూర్యచంద్రం తల ఊపి చెయ్యి దించుకున్నాడు. అతను నిమ్మళమైన మనిషి. అతని వేళ్ల సందుల్లో నలుపు ఏ సబ్బుకీ లొంగదు కాబట్టి డిపోలో అన్నం చెంచాతో తింటాడు. దాన్ని చూసి కొత్తవాళ్లు అతను విదేశంలో పనిచేసి వచ్చాడనుకుంటారు. అతని కింద పనిచేసే వీరవేణి ఐటీఐలో డీజిల్ మెకానిక్కు చదివి వచ్చిన అమ్మాయి. చున్నీ నడుముకి బిగించి బండి కిందకి దూరిందంటే పని ముగిసేదాకా పిలిచినా పలకదు. అతన్ని బాబాయ్ అంటుంది. మా గ్యారేజీ నడిచిందంటే వీళ్లిద్దరి మీదే నడిచింది.

నిజం చెప్పాలంటే మొదట్లో ఆ రూలు మాకందరికీ సరదాగానే ఉంది. కంప్లయింటు పుస్తకం అట్ట మీద పేరు కొట్టేసి ప్రశంసల పుస్తకం అని రాశారు. జన్మలో పద్యం ముట్టని డ్రైవర్లు అందులో కవులైపోయారు. పొగ కక్కే బండికి ‘భావ ప్రకటన ఎక్కువ’ అని రాశారు. పైకప్పు కురిసే బండికి ‘వానతో విడదీయలేని అనుబంధం’ ఉందన్నారు. పొద్దున్నే స్టార్టు కాని బండి ‘ప్రయాణికుల సహకారం కోరుకుంటోంది’. తలుపు ఊడి చేతికొచ్చిన బండికి ‘అందరికీ స్వాగతం పలికే మనసు’. డ్యూటీ దిగాక ఎవరేం రాశారో చదువుకోవడానికి కండక్టర్లు కూడా ఆ పుస్తకం చుట్టూ చేరేవారు.

చిక్కల్లా నా దగ్గరే వచ్చింది. కొత్త సామాను ఇవ్వాలంటే పాత సామానుకి ఏమైందో కారణం రాయాలి. అరిగిందనో, విరిగిందనో, పోయిందనో రాయాలి. ఆ మూడూ నిషేధంలో ఉన్నాయి. సూర్యచంద్రం కొంచెం ఆలోచించి, ‘పాత బేరింగు బాగున్నది, కొత్తది ఇంకా బాగుండును’ అని రాసిచ్చాడు. పాతది బాగుంటే కొత్తది దేనికని పైనుంచి అడుగుతారు కదా. అడిగారు. కాగితం తిరిగొచ్చింది. తిరస్కరించడమైనది అని రాయడానికి వాళ్లకీ వీల్లేదు గనక, ‘మీ ఆశ హర్షణీయం’ అని ముద్ర కొట్టి పంపారు.

ఆ ముద్ర పడిన కాగితాలు నా బల్ల మీద పేరుకుపోతుంటే, హెడ్డాఫీసులో మా డిపో పేరు మారుమోగిపోయింది. మా దగ్గర లోపాలు పూర్తిగా అంతరించాయి. ఏ పుస్తకం తిరగేసినా లోపమన్న మాటే కనపడదు. సామాను వాడకం కూడా పడిపోయింది. లోపాలు లేనిచోట స్టోర్సులో సామాను ఎందుకని, ఉన్న బ్రేకు లైనింగులూ బేరింగులూ మిగులు సామాను కింద కట్టకట్టి పంపేయమన్నారు. పంపేశాను. ఆ మిగులు అమ్మిన డబ్బుతో శిక్షణ తరగతులకి కుషన్ కుర్చీలు కొన్నారని తర్వాత తెలిసింది.

అక్కడితో ఆగినా బాగుండేది. లోపాలు లేని డిపోలో మెకానిక్కులకి పనేమిటన్న ప్రశ్న ఎవరో లేవదీశారు. దానికి చక్రధరరావు గారు బాగా ఆలోచించి మెకానిక్కులందరినీ వాహన ప్రోత్సాహకులుగా మార్చారు. రోజూ బళ్లు బయటికెళ్లే ముందు వీళ్లు వరసగా నిలబడి, ప్రతి బండికీ నాలుగు మంచి మాటలు చెప్పి చప్పట్లు కొట్టాలి. మొదటి రోజు సూర్యచంద్రం పాత పల్లెవెలుగు బండి ముందు నిలబడి చాలాసేపు దాన్ని చూశాడు. ఏదో ఒకటి చెప్పమని గోవర్ధనం గారు పక్కనుంచి గుసగుసలాడారు. చివరికి అతను బానెట్టు మీద చెయ్యి వేసి, జాగ్రత్తగా వెళ్లి రమ్మన్నాడు. కూతుర్ని కాపురానికి పంపేవాడిలా అన్నాడు. పక్కన వీరవేణి చప్పట్లు కొట్టడం మరచిపోయింది.

ఇక అసలు సంగతి. గ్యారేజీలో బళ్ల అడుగుభాగం చూడటానికి పొడుగాటి గొయ్యి ఉంటుంది. పిట్టు అంటాం. మెట్లు దిగి అందులో నిలబడితే బండి పొట్ట తల మీద ఉంటుంది. నిషేధం ‘గ్యారేజీ ఆవరణమునందు’ అని సర్క్యులరులో ఉంది గానీ, ఆవరణం కింద సంగతి ఏమీ రాయలేదు. ఆ భేదం మొదట పట్టుకున్నది వీరవేణి. ఒకరోజు ఒక డ్రైవరు తన బండి స్టీరింగుకి స్వతంత్ర భావాలు ఎక్కువయ్యాయని చెబుతుంటే ఆ అమ్మాయికి ఓపిక చచ్చిపోయి, పిట్టులోకి దిగి మామూలు తెలుగులో చెప్పమంది. అతను చుట్టూ చూసుకుని, ఇస్త్రీ చొక్కాతో మెట్లు దిగి, కింద నిలబడి చెప్పాడు. ఆమె పాత ముక్కలేవో కలిపి దాన్ని బాగు చేసింది.

అది మొదలు డ్యూటీ దిగిన డ్రైవర్లు పైన పుస్తకంలో కవిత్వం రాసి, తరవాత పిట్టులోకి దిగి నిజం చెప్పడం అలవాటైంది. పాత బళ్ల నుంచి పీకిన సామానుతో, వైరు ముక్కలతో వాళ్లిద్దరూ నెట్టుకొచ్చారు. రానురాను బళ్ల సంగతి చెప్పడానికి దిగినవాళ్లు ఇతర సంగతులూ చెప్పసాగారు. ఒక కండక్టరు తన మామగారిని గురించి చాలాసేపు చెప్పి తేలిక పడి వెళ్లాడు. ఒకసారి మధ్యాహ్నం గోవర్ధనం గారే దిగారు. రుమాలుతో మెడ తుడుచుకుని, తనకి ఈ సర్క్యులరు ఒక్క ముక్క నచ్చలేదని రెండుసార్లు చెప్పి, మళ్లీ ఎక్కి వెళ్లిపోయి, ఆఫీసులో అదే సర్క్యులరుకి ఫ్రేము కట్టించారు.

బుల్లియ్య దిగిన రోజు వేరు. అతను లంకల రూటు డ్రైవరు. ఆ రూటు కాలవ గట్టు మీదే సాగుతుంది. ఒక పక్క నీళ్లు, రెండో పక్క పల్లం. హుషారు మనిషి, బండి దిగితే ఏదో ఒక కూనిరాగం తీస్తూ వస్తాడు. ఆ సాయంత్రం అతను పుస్తకం దగ్గర నిలబడి ‘ఈ బండికి ముందుకే పోవాలన్న పట్టుదల ఎక్కువ’ అని రాశాడు. కలం మూత పెట్టకుండానే పుస్తకం మీద వదిలి పిట్టు వైపు నడిచాడు. నేను మూత పెట్టి, అతని వెంట పిట్టులోకి దిగాను.

“బాబాయ్, బ్రేకు లేదు,” అన్నాడు సూర్యచంద్రంతో. “కాలవ లాకుల కాడ గేదె అడ్డవొచ్చింది. తొక్కేను. పూర్తిగా తొక్కేను. బండి దాని పాటికది ఎల్తానే ఉంది. అది పక్కకి తప్పుకుంది కాబట్టి సరిపోయింది. చివరికి గడ్డిమేటుకి రాసి ఆపేను. ఇయ్యాలంటే సెలవు, రేపు అదే టైముకి అక్కడ ఇస్కూలు వదుల్తారు.”

సూర్యచంద్రం వెంటనే మెట్లెక్కాడు. పైకొచ్చి, వీరవేణిని పిలిచి, ఆ బండిని జాకీల మీదకి ఎత్తించి చక్రాలు పీకించాడు. డ్రమ్ములు విప్పి చూస్తే లైనింగులు పూర్తిగా అరిగిపోయి, రివెట్లు ఇనుముకి రాసుకుంటున్నాయి. అతికించి సరిపెట్టే పని కాదది. అతను నా స్టోర్సుకి వచ్చి లైనింగులు కావాలన్నాడు. మా ఇద్దరి మధ్యా కౌంటరు ఉంది, కౌంటరు మీద సర్క్యులరు అతికించి ఉంది. లైనింగులు ప్రయాణంలో ఉన్నాయని చెప్పాను. అతను నా చెయ్యి పట్టుకుని పిట్టులోకి తీసుకెళ్లి, ఉన్నాయా లేవా అని మళ్లీ అడిగాడు. లేవన్నాను. అప్పటికి కొన్ని నెలలైంది నేను ఆ మాట అని. గొంతులో ఇరుక్కున్న ముల్లు జారినట్టయింది.

మర్నాడు పొద్దున్న లంకల రూటు బండి బయల్దేరలేదు. గోవర్ధనం గారు పరుగున వచ్చారు. లోపాలు లేని బండి డిపోలో ఎందుకుందన్న ప్రశ్నకి పైవాళ్లకి ఏం చెప్పుకోవాలన్నది ఆయన బాధ. బండిని బయటికి పంపి ఆనందించమని సూర్యచంద్రానికి చెప్పారు. బండికి డిపో అంటే బెంగ అనో మరొకటనో ఏదో రాసి సరిపెట్టుకోమని బతిమాలారు కూడా. సిబ్బందంతా చప్పట్లు కొట్టడానికి వరసలో నిలబడి ఉన్నారు. సూర్యచంద్రానికి కావాలంటే పిట్టు అక్కడే ఉంది. అతను దిగలేదు.

“బ్రేకు లేదండి,” అన్నాడు, అందరికీ వినబడేలా. “ఈ బండి వెళ్లదండి.”

సానుకూల చర్య అంటే ఏమిటో మాకు అప్పుడు తెలిసింది. మర్నాడు అదే చోట బల్ల వేసి, మైకు పెట్టి, సూర్యచంద్రానికి శాలువా కప్పి, చామంతుల దండ వేశారు. గోవర్ధనం గారు ఉత్తరువు చదివారు. “శ్రీ మట్టపర్తి సూర్యచంద్రం గారి అవిశ్రాంత సేవలను గుర్తించి, వారిని తదుపరి ఉత్తరువుల వరకు సగౌరవ విశ్రాంతియందు ఉంచడమైనది. సదరు విశ్రాంతి కాలమునందు వారికి జీతములో సగభాగము ప్రోత్సాహకముగా చెల్లించబడును.” చదువుతున్నంతసేపూ ఆయన తలెత్తలేదు. మేం చప్పట్లు కొట్టాం. కొట్టకపోతే మాకూ శాలువా కప్పుతారు.

అతన్ని నేనే స్కూటరు మీద ఇంటికి తీసుకెళ్లాను. దండ తీసేస్తానంటే, తొందర్లో ఎవరూ పువ్వులు పట్టించుకోరులే అని నేనే వద్దన్నాను. అది పొరపాటైంది. వీధి మొదట్లోనే జనం చూశారు. కాఫీ హోటలాయన కరచాలనం చేశాడు. ఎదురింటి మేష్టారు, సిన్సియర్‌గా పనిచేసేవాళ్లకి ఎప్పటికైనా గుర్తింపు వస్తుందని తన కొడుక్కి అక్కడే క్లాసు తీసుకున్నారు. సూర్యచంద్రం అందరికీ నమస్కారాలు పెడుతూ గుమ్మం చేరాడు. అతని భార్య మంగతాయారు శాలువా అంచు పట్టుకుని జరీ పరీక్షించింది, అతని మొహం చూసింది, నా మొహం చూసింది.

“కప్పితే కప్పేరు గానీ, రేపు డూటీ ఎన్నింటికి?” అని అడిగింది.

మేమిద్దరం చెప్పులు విడవడంలో పడ్డాం. ఆవిడ ఇంకేమీ అడగకుండా దండ తీసి మేకుకి తగిలించి, ఇద్దరికీ అన్నం వడ్డించింది. అతను ఆ పూట చెంచా అడగలేదు. చేత్తోనే తిన్నాడు. మధ్యలో ఒక్కసారి, జాకీలు దింపుతారేమోనన్నాడు. దింపరన్నాను. అది కూడా సానుకూల భాషే అని అతనికి తెలుసు.

దింపించారు. లోపాలు అంతరించిన డిపోగా మాకు షీల్డు ఇవ్వడానికి చక్రధరరావు గారు స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది. డిపోకే కాదు, ఉత్తమ వాహనానికి కూడా బహుమానముంది. ఏ బండి గురించి ప్రశంసల పుస్తకంలో ఎక్కువ పొగడ్తలున్నాయో అదే ఉత్తమ వాహనం. న్యాయంగా లెక్క చూస్తే లంకల రూటు బండికి దరిదాపుల్లోకి ఏదీ రాలేదు. పట్టుదల, చురుకు, వెనుదిరగని స్వభావం, గడ్డిమేటుతో కొత్త స్నేహం, అన్నీ దాని పేరు మీదే ఉన్నాయి. చక్రధరరావు గారు ఆ పేజీలు చదివి చలించిపోయారట. షీల్డు ఇచ్చాక ఆ బండిలోనే, మామూలు ప్రయాణికుడిలా, కాలవ గట్టు మీదుగా టౌనుహాలు సభకి వెళతానన్నారు.

చక్రాలు బిగించమని వీరవేణికి ఉత్తరువు ఇచ్చారు. ఆ అమ్మాయి బిగించింది. బుల్లియ్య నా దగ్గరికి వచ్చి, మొదటి గేరులోనే, నడిచేవాళ్లు దాటిపోయేంత నెమ్మదిగా తీసుకెళతానని చెప్పాడు. గట్టు దిగేచోట ఏం చేస్తావంటే, బండి వైపు వెళ్లిపోయాడు.

ఆ రోజు పిట్టు మీదే నిలిపి ఉంచిన బండికి మామిడాకులు కట్టారు. చక్రధరరావు గారు తెల్లని బట్టల్లో, పరిమళంతో, ప్రసన్నంగా దిగారు. చాలా బాగా మాట్లాడారు. యంత్రానికీ మనసుంటుందని, మాట దానికి ఇంధనమని చెప్పారు. కారులో వెళితే ఇంకా హాయిగా ఉంటుందేమోనని గోవర్ధనం గారు రెండుసార్లు విన్నవించుకున్నారు. ప్రజలతో మమేకం కావడమే తనకి హాయి అని ఆయన చిరునవ్వుతో భుజం తట్టారు. తర్వాత బుల్లియ్య వైపు తిరిగి, బండి ఎలా ఉందని అడిగారు.

“ముందుకే పోవాలన్న పట్టుదల బాగా ఎక్కువండి,” అన్నాడు బుల్లియ్య. అతని చొక్కా వీపంతా తడిసి ఉంది.

“అదీ మాట,” అన్నారు చక్రధరరావు గారు. “ఈ పట్టుదల మన సిబ్బందిలో ప్రతి ఒక్కరికీ రావాలి.”

ఆయన మెట్టు మీద కాలు పెట్టబోతుంటే వీరవేణి ముందుకు వచ్చింది. బండిని కింద నుంచి చూస్తే ఇంకా బాగుంటుందని, ఇంత ఉత్తమ వాహనం అడుగుభాగం అధికారులెవరూ ఇంతవరకూ చూడలేదని చాలా వినయంగా చెప్పింది. చక్రధరరావు గారికి కొత్తదేదైనా ఇష్టం. ఫొటోగ్రాఫరు తనూ వస్తానంటే ఆమె పిట్టులో చోటు పొదుపుగా ఉందని ఆపేసింది. నేను లైటు పట్టుకునే నెపంతో దిగాను. పైన బ్యాండు మేళం వాయిస్తోంది.

“సార్, ఇక్కడ మామూలుగా మాట్లాడుకోవచ్చండి,” అంది వీరవేణి. “ఈ బండికి బ్రేకు లేదండి.”

ఆయన ఆ మాట ఏ భాషలోదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు కాసేపు నిలబడ్డారు.

“అంటే, తొక్కితే?”

“తొక్కచ్చండి. తొక్కడానికి అడ్డమేం లేదు. ఆగదంతే.”

చక్రధరరావు గారు తల మీది డ్రమ్ముని చూశారు. లైటు వెలుగులో ఆమె చూపించిన చోటల్లా చూశారు. చదువుకున్న మనిషే, వివరంగానే అర్థమైంది. అర్థమవుతున్న కొద్దీ మొహం మీది ప్రసన్నత మెల్లిగా ఇంకిపోయింది. ఈ బండి ఎన్నాళ్ల నుంచి ఇలా తిరుగుతోందనో, ఇందులో ఎవరు ఎక్కుతున్నారనో అడుగుతారని నేను ఎదురుచూశాను. ఆయన అడిగింది వేరు.

“నా కారు కూడా మీ గ్యారేజీలోనే కదూ చూస్తారు?”

“అవునండి.”

“ప్రశంసల పుస్తకంలో దాని గురించి మా డ్రైవరు ఏం రాశాడు?”

వీరవేణి నా వైపు చూసింది. నాకు ఆ పేజీ గుర్తుంది. “కారుకి అయ్యగారంటే ప్రాణం, ఆగమన్నా ఆగక పరుగున ఇంటికి చేరుస్తోంది అని రాశాడండి,” అన్నాను.

ఆయన పిట్టు మెట్టు మీద కూర్చున్నారు. తెల్లప్యాంటుకి గ్రీజు అంటుతుందని ఇద్దరం ఒకేసారి చెప్పాం. ఆయన లేవలేదు.

పైకి వచ్చాక మాత్రం మళ్లీ ఆయన ఆయనే. ఉత్తమ వాహనానికి తగిన గౌరవంగా దానికి విశ్రాంతినిస్తున్నామని మైకులో ప్రకటించారు. తాను నడిచి వెళతానన్నారు. నడక ఆరోగ్యమని, ఇది సానుకూల నడక అని చెప్పి గట్టు మీదుగా బయల్దేరారు. వెనకాల గోవర్ధనం గారు, ఫొటోగ్రాఫరు, బ్యాండువాళ్లు, ఎండలో మేమంతా. ఖాళీ బండి మామిడాకులతో డిపోలోనే ఉండిపోయింది. బుల్లియ్య స్టీరింగు మీద తల ఆనించి అలాగే కూర్చున్నాడని తర్వాత వీరవేణి చెప్పింది.

ఆయన బుద్ధి మార్చుకుని సర్క్యులరు రద్దు చేస్తారని మేం అనుకున్నాం. చేయలేదు. దానికి ఒక సవరణ వచ్చింది. “అధికారులు ప్రయాణించుచున్న, ప్రయాణించబోవు, లేక ప్రయాణించుటకు అవకాశమున్న వాహనముల విషయమున మాత్రము పూర్వపు భాషనే వాడవలెను. సదరు వాహనములకు కావలసిన సామాను తక్షణమే సరఫరా చేయవలెను. మిగిలిన వాహనముల విషయమున సానుకూల భాష యథాప్రకారము కొనసాగును.” దాంతోపాటు, కారు బాగుచేయడానికి సూర్యచంద్రం విశ్రాంతి విజయవంతంగా ముగిసిందని ఇంకో ఉత్తరువు.

సూర్యచంద్రం వచ్చాడు. వచ్చీరాగానే కారు బాగుచేశాడు. చేతులు తుడుచుకుని, సవరణ కాగితం తీసుకుని రెండుసార్లు చదివి, మేనేజరు గదికి వెళ్లాడు. వెనకాల నేనూ, వీరవేణీ వెళ్లాం. గోవర్ధనం గారు కుర్చీలోంచి లేచి మరీ పలకరించారు. శాలువా కప్పిన చేతులే గనక, ఆయనకి అతని కళ్లల్లోకి చూడటం కష్టంగా ఉంది.

“లంకల రూటు బండిలో ఎప్పుడైనా అధికారి ఎక్కే అవకాశముందాండి?” అని అడిగాడు సూర్యచంద్రం.

గోవర్ధనం గారు నోరు తెరిచి, మూశారు. అవకాశం లేదనడానికి ఆయనకి వీల్లేదు. మేనేజరు గదికి సానుకూల భాష యథాప్రకారం వర్తిస్తుంది. గోడ మీద ఫ్రేములో సర్క్యులరు ఆయన్నే చూస్తోంది.

“ఉంది,” అన్నారు.

“రేవు రూటు బండిలోనండి?”

“ఉంది.”

“గోదాంల దగ్గర ఆగిపోయిన ఆ పాత పల్లెవెలుగులోనండి?”

గోవర్ధనం గారు ఇక అక్కడ ప్రశ్న కోసం ఆగలేదు. ఎన్నాళ్ల నుంచి బిగబట్టారో ఏమో, డిపోలో ఉన్న ప్రతి బండి పేరూ తనే చెప్పుకుంటూ పోయి, అన్నిటిలోనూ అవకాశముందని రాసి, కింద సంతకం చేసి, ముద్ర కొట్టి ఇచ్చారు. రిటైరయ్యేలోగా తను చేసిన మంచి సంతకం అదొక్కటేనని తర్వాత ఎప్పుడో పిట్టులోకి దిగి చెప్పారు.

సామాను లారీలో వచ్చింది. లైనింగులు, బేరింగులు, హోసులు, వైపర్లు, అన్నీ అధికారుల వాహనాల నిమిత్తం. నేను కారణం గడిలో అరిగింది, విరిగింది, పోయింది అని కళ్లారా చూసుకుంటూ రాసి ఇచ్చాను. అన్నిటికంటే ముందు బుల్లియ్య బండికి లైనింగులు వేశారు. అతను దాన్ని డిపో ఆవరణలోనే అటూ ఇటూ నడుపుతూ, ఊరికే తొక్కి ఆపుతూ, మళ్లీ నడుపుతూ చాలాసేపు ఆడుకున్నాడు.

తనిఖీకి వచ్చినవాళ్లు రుజువడగకుండా ప్రతి బండిలోనూ డ్రైవరు వెనక మొదటి సీటు దగ్గర ‘అధికారి గారికి’ అని ఎర్రరంగుతో రాయించాం. మొదటి రోజుల్లో జనం ఆ సీటు జోలికి వెళ్లలేదు. ఒకరోజు నేను లంకల రూటులో వెళుతుంటే, రేవు దగ్గర చేపలమ్ముకునే మరిడమ్మ ఎక్కి, నేరుగా వెళ్లి అందులో కూర్చుంది. కొత్తగా వచ్చిన కండక్టరు ఆవిడని లేవమన్నాడు. అది అధికారుల సీటని, వాళ్లు ఎప్పుడైనా ఎక్కవచ్చని చెప్పి, రాసింది చదివి వినిపించాడు.

“వొస్తే లేస్తాలే బాబూ,” అంది మరిడమ్మ. బుట్ట సీటు కిందకి తోసి, కొంగుతో మొహం తుడుచుకుని, కిటికీ వైపు తిరిగింది.

ఇంతవరకూ ఆవిడకి లేవవలసిన అవసరం రాలేదు.